ఫుల్ రెస్ట్

నేను పైలట్‌నని తెలిసిన ప్రతివాళ్ళూ మొదట అడిగే ప్రశ్న ఒకటే, పైన భయం వేయదా అని. వేయదనే చెప్పేవాణ్ణి. అది నిజమే. ముందు సీట్లో కూర్చుని చేతినిండా పని ఉన్నవాడికి భయపడే తీరిక ఉండదు. ఒక సంగతి జరిగినప్పటి నుంచి నా భయమంతా వెనక సీట్లో ఉండేది. ఎందుకంటే డ్యూటీకి వెళ్ళాలంటే నేను ముందు ఇంకొకరు నడిపే విమానం ఎక్కాలి, అదీ మామూలు ప్రయాణికుడిలాగా. ఇది చెబితే ఇప్పటికీ జనం నవ్వుతారు. బస్సు డ్రైవరు డిపోకు బస్సులో పోడా అంటారు. పోతాడు. కానీ ఆ నడిపేవాడు రాత్రి నిద్రపోయాడా లేదా అని దారి పొడుగునా చెమటలు కక్కడు.

మా డ్యూటీలన్నీ మద్రాసు నుంచి మొదలయ్యేవి. నా ఇల్లు మాత్రం బోధన్ నుంచి రుద్రూరు పోయే దారిలో ఒక పల్లె. నేను పుట్టింది నిజామాబాదులో, ఒక గుమాస్తా కొడుకుగా. సర్కారు స్కాలర్‌షిప్పు మీద బేగంపేట ఫ్లయింగ్ క్లబ్బులో చేరి, ఎలాగో లైసెన్సు సంపాదించాను. ఆ పల్లెకు ఇల్లరికం వెళ్ళాను. మా మామగారికి ఒక్కతే కూతురు, పన్నెండెకరాల చెరుకు, నిజాంసాగర్ కాలువ నీళ్ళు. ఆయన పోయాక ఆ చెరుకంతా నా భార్యే చేయించేది. విత్తనం ముక్క నాటడం దగ్గరి నుంచి కైకిలోళ్ళకు కూలి లెక్క చెప్పడం దాకా ఆమెకు తెలియంది లేదు. నాకు తెలిసింది లేదు. ఊళ్ళో నన్ను ‘ఇమానం అల్లుడు’ అనేవాళ్ళు. అందులో గౌరవం ఎంత, ఎకసెక్కం ఎంత అని నేను ఎప్పుడూ తూకం వేసుకోలేదు.

మద్రాసులో కాపురం పెడదామని పెళ్ళయిన ఏడాదే అడిగాను. ఆమె చీపురు పక్కన పెట్టి నా వైపు చూసింది.

“ఇగో, నేనొస్త. భూమి వస్తదా?”

భూమి రాదు. కాబట్టి నేనే తిరిగేవాణ్ణి. బోధన్ నుంచి బస్సులో నిజామాబాదు, అక్కడి నుంచి చిన్న లైను రైల్లో సికింద్రాబాదు, పొద్దున బేగంపేటలో విమానం. కంపెనీ పాసు ఉండేది కానీ అది సీటు మిగిలితేనే పనికొచ్చే పాసు. విమానం నిండిపోతే ఆ రోజు నడిపే కెప్టెన్ని బతిమాలుకోవాలి. దయ తలిస్తే పైలట్లిద్దరి వెనక ఉండే మడత కుర్చీలో కూర్చోనిచ్చేవాడు. నా ఒక్కడిదే కాదు, మాలో చాలామంది బతుకు ఇదే. ఒకరి ఇల్లు బెంగుళూరు, ఒకరిది కొచ్చిన్, ఒకరిది సికింద్రాబాదు. అందరం గాల్లో ప్రయాణం చేసి వచ్చి, మళ్ళీ గాల్లోకే వెళ్ళేవాళ్ళం.

చెరుకు సీజనులో నా పని రెట్టింపయ్యేది. చక్కెర ఫ్యాక్టరీ వాళ్ళు పర్మిట్ చీటీ పంపుతారు. ఫలానా తారీఖుకు ఇన్ని బండ్ల చెరుకు తెమ్మని దాని అర్థం. ముందు కొట్టకూడదు, కొట్టాక ఆపకూడదు, ఆపితే ఎండి తూకం పడిపోతుంది. కొట్టించడం, బండ్లకు ఎత్తించడం నా భార్య చూసుకునేది. కానీ ఫ్యాక్టరీ గేటు ముందు, బండ్లు తూకానికి నిలబడే కాంటా లైనుందే, అక్కడ బండ్ల వెంట ఇంటి మగవాడు ఉండాలి. మైలు పొడుగు లైను. ఒక్కోసారి ఒకటిన్నర రోజు పట్టేది. ఆడమనిషి అన్ని బండ్ల మధ్య రోడ్డు మీద తెల్లవార్లూ కూర్చునే కాలం కాదది. కాబట్టి పర్మిట్ వచ్చిందంటే నేను రావాలి. యూనిఫారం తీసి మేకుకు తగిలించి, తలకు తువాలు చుట్టుకుని, బండి మీద కూర్చోవాలి. బండ్లు తోలేవాళ్ళు హాయిగా గడ్డి మీద పడి నిద్రపోయేవాళ్ళు. ముందు బండి కదిలితే ఎద్దులు వాటంతట అవే నాలుగడుగులు వేసి ఆగేవి. నాకు మాత్రం రోడ్డు మీద నిద్రపట్టే అలవాటు లేదు. అలా కూర్చుని కూర్చుని, కాంటా అయ్యాక నేరుగా రైలెక్కేవాణ్ణి.

మద్రాసు ఎయిర్‌పోర్టులో డ్యూటీ ఆఫీసరు బల్ల మీద ఒక రిజిస్టరు ఉండేది. సంతకం పెట్టించుకునే ముందు ఆయన ఒక్క మాట అడిగేవాడు, “రెస్ట్?” అని. మేం “ఫుల్ రెస్ట్” అనేవాళ్ళం. ఆయన టిక్కు పెట్టేవాడు. గుళ్ళో పూజారి గోత్రం అడిగినట్టు ఉండేది ఆ అడగడం. ఆ జవాబు తప్పయి ఉంటుందని ఆయనా అనుకునేవాడు కాదు, తప్పని మాకూ అనిపించేది కాదు. “లేదు” అన్నవాణ్ణి నేను చూడలేదు. అంటే ఏమవుతుందో మాత్రం అందరికీ తెలుసు. ఇల్లు ఎక్కడ, ఎప్పుడు బయల్దేరావు, ఎందులో వచ్చావు అని అడుగుతారు. చివరికి మద్రాసులోనే ఉంటావా, ఉద్యోగం మానుకుంటావా అని తేల్చమంటారు. ఇల్లు కావాలి, ఉద్యోగం కావాలి. రెండూ నిలబడాలంటే ఆ రెండు ఇంగ్లీషు ముక్కలు చెబితే చాలు. నేను ఆరేళ్ళు చెప్పాను.

ఏడో ఏట, ఒక ఫిబ్రవరిలో, ఆ మాటకు ఫలితం చూశాను.

ఆ వారం పర్మిట్ పడింది. రెండు రాత్రులు కాంటా లైనులోనే గడిచాయి. రైల్లో నిలబడే వచ్చాను. బేగంపేటలో విమానం నిండుగా ఉంది కాబట్టి మడత కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని మద్రాసు చేరాను. మధ్యాహ్నం వైజాగు డ్యూటీ. ఫోకర్ విమానం. నేను కో-పైలట్‌ని. కెప్టెన్ గారు యాభై దాటిన మనిషి, అనంతపురం వైపు వారు, కాపురం బెంగుళూరులో. చెయ్యి చాలా నిదానం. ఆయన విమానాన్ని దించితే చక్రాలు నేలకు తాకిన సంగతి తెలిసేది కాదు. నాకంటే ముందు ఆయన రిజిస్టరు దగ్గర నిలబడి “ఫుల్ రెస్ట్” అన్నారు. ఆ మాట విని నాకు ప్రాణం లేచి వచ్చింది. పోనీలే, పెద్దాయన బాగా పడుకుని వచ్చారు, నేను కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు అనుకున్నాను. తరువాత నేనూ “ఫుల్ రెస్ట్” అన్నాను.

మద్రాసు నుంచి ఉత్తరంగా వెళ్ళి, గన్నవరం మీదికి వచ్చాక కుడివైపు తిరిగితే వైజాగు. దారంతా ఎండ, పొగమంచు లాంటి మసక, ఇంజన్ల హోరు ఒకే శ్రుతిలో. విమానాన్ని ఆటోపైలట్‌కు అప్పజెప్పాం. అది మనం చెప్పిన దిక్కుకే పోతుంది, తిరగమని మనం చెప్పేదాకా తిరగదు. ఒంగోలు దాటడం నాకు గుర్తుంది. కెప్టెన్ గారు ఏదో మామిడి తోట గురించి చెబుతున్నారు. ఆ మాట మధ్యలో ఆగిందో, నేనే వినడం ఆగానో తెలియదు.

మెలకువ వచ్చేసరికి చెవుల్లో జోరీగ రొద. చెవులకు పెట్టుకున్న రేడియో మెడలోకి జారిపోయి ఉంది. అందులోంచి ఎవరో సన్నగా మా విమానం నంబరు పిలుస్తున్నారు. పిలిచి, ఆగి, మళ్ళీ పిలుస్తున్నారు. ఎంతసేపటి నుంచి పిలుస్తున్నారో. నేను అలవాటు కొద్దీ కుడివైపు కిటికీలోంచి చూశాను. అక్కడ సముద్రం ఉండాలి. సముద్రం లేదు. కింద కొండలు, అడవి. ఊరు లేదు, పొలం లేదు. ముక్కు ముందు దూరంగా ఇసుక మేటల మధ్య సన్నటి నీటిపాయలతో ఒక పెద్ద నది. అది గోదావరే, కానీ మేం చూడాల్సిన చోటి గోదావరి కాదు. భద్రాచలం వైపు ఉన్నాం. గన్నవరంలో తిరగాల్సిన మలుపు ఎప్పుడో వెనకబడిపోయింది.

అప్పుడు ఎడమవైపు చూశాను. జీవితంలో నేను అంత భయపడింది ఆ క్షణంలోనే. నది చూసి కాదు, కొండలు చూసి కాదు. కెప్టెన్ గారి గడ్డం రొమ్ముకు ఆనుకుని ఉంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని, పసివాడిలా నిద్రపోతున్నారు. వెనక ముప్పై ఎనిమిది మంది. ఇద్దరు చంటిపిల్లలు వేరే. లోడ్ షీటు మీద నేనే సంతకం పెట్టాను. ఇంతసేపూ ఆ విమానంలో మేలుకుని ఉన్నవాళ్ళంతా మా మీద భరోసాతో వెనక కూర్చున్నవాళ్ళే. ముందు ఎవరూ లేరు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన మోచెయ్యి పట్టుకుని కుదిపాను.

ఆయన కళ్ళు తెరిచారు. ముందు అద్దంలోంచి చూశారు, గడియారం చూశారు, నన్ను చూశారు.

“ఎంతసేపయిందబ్బా?”

“తెలీదు సార్. పావుగంట పైనే అయుంటుంది.”

“నువ్వు?”

“నేనూ, సార్.”

ఆయన మైకు అందుకుని, రేడియో సరిగ్గా వినిపించడం లేదని, మేం బాగానే ఉన్నామని, దారి సరిచేసుకుంటున్నామని చెప్పారు. గొంతు ఏమాత్రం వణకలేదు. తరువాత విమానాన్ని కుడివైపు తిప్పారు. నేను మ్యాపు తీశాను గానీ ఎంతసేపు చూసినా అందులో ఒక్క అక్షరం తలకెక్కలేదు. ఇంతలో తలుపు తట్టి ఎయిర్ హోస్టెస్ లోపలికి వచ్చింది.

“సార్, రాజమండ్రి బ్రిడ్జి ఏ పక్క కనిపిస్తుందని ఒకాయన అడుగుతున్నారు. పిల్లలకు చూపించాలట.”

“ఇవాళ కనిపించదని చెప్పమ్మా, మసకగా ఉంది,” అన్నారు కెప్టెన్ గారు.

వైజాగులో దిగాం. ఎప్పటిలాగే చక్రాలు నేలకు తాకిన సంగతి తెలియలేదు. మెట్ల దగ్గర ఎవరో పెద్దమనిషి మా ఇద్దరికీ నమస్కారం పెట్టి వెళ్ళాడు. నేను తిరిగి నమస్కారం పెట్టలేకపోయాను, టోపీ చేత్తో పట్టుకుని పక్కకు చూస్తూ నిలబడ్డాను. బసకు వెళ్ళాక కెప్టెన్ గారు బూట్లు కూడా విప్పకుండా మంచం అంచున కూర్చున్నారు. పాపకు టైఫాయిడ్ అనీ, రెండు రాత్రులు ఆస్పత్రి వరండాలోనే ఉన్నాననీ, పొద్దున్నే మొదటి విమానంలో వచ్చాననీ చెప్పారు.

“మరి ఫుల్ రెస్ట్ అన్నారు కదా సార్,” అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

“నువ్వూ అంటివి. నువ్వు కుర్రోడివి, బాగా పండుకోని వచ్చింటావు, నేను ఒక కన్ను మూసినా ఏం గాదులే అనుకుంటి.”

నేను అనుకున్నదే ఆయనా అనుకున్నారు. ఒకరి అబద్ధాన్ని ఒకరం తలకింద దిండు చేసుకుని పడుకున్నాం. తిలాపాపం తలా పిడికెడు అంటారు, ఇక్కడ పిడికెళ్ళు రెండే. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని ఆయన అనలేదు. చెబుతానని నేనూ అనలేదు. దొంగకు తేలు కుట్టినట్టు ఇద్దరం నోరు మూసుకున్నాం.

ఇంటికి వెళ్ళాక నా భార్యకు మాత్రం చెప్పాను. మూడు రోజులు దాచి చెప్పాను. పెరట్లో మినుములు చెరుగుతోంది. చేట ఆగింది.

“ఇద్దరు పండుకున్నరా?”

“ఇద్దరమూ.”

“కాంటకాడ బండోళ్ళు పంటే ఎడ్లు తొవ్వ వట్టుకొని నడుస్తయి. మోరీల వడ్డా బండే వడ్తది. మీ ఇమానానికి ఎడ్లున్నయా?”

ఆమె మళ్ళీ చేట తీసుకుంది గానీ చెరగలేదు.

“అడిగినప్పుడు నిద్ర లేదని జెప్పరాదా?”

“చెబితే మద్రాసులోనే ఉండమంటారు. లేదంటే పొమ్మంటారు.”

“బాపు ఒక్కసారన్న నీ ఇమానం ఎక్కాలెనని ఎంత కొట్లాడిండు. ఎక్కకముందే పోయిండు. గిప్పుడు అనిపిస్తుంది, మంచిగనే అయింది.”

ఆమె కోపంగా అన్న మాట కాదది. మామూలుగా అంది. అందుకే నాకు అన్నం సహించలేదు. మా మామగారికి నేను విమానం నడుపుతానంటే ఎంత గొప్పో. ఫ్యాక్టరీ గేటు దగ్గర ముక్కూ మొహం తెలియనివాళ్ళకు కూడా చెప్పేవాడు. ఆయన నా వెనక కూర్చుని ఉంటే నిద్రపోయేవాణ్ణి కానని చెప్పుకోవాలనుకున్నాను. కానీ నిద్ర మనిషిని చూసి రాదు, ఆగదు.

ఆ తరువాత నాకు కొత్త రోగం పట్టుకుంది. అంతకుముందు బేగంపేట నుంచి మద్రాసు దాకా వెనక సీటే నా పడక. బెల్టు కట్టుకున్నానంటే మళ్ళీ దిగేటప్పుడే లేచేవాణ్ణి. నిజానికి నా రెస్టంతా ఆ రెండు గంటలే. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే చాలు, రొమ్ముకు ఆనిన గడ్డం కనిపించేది. ముందున్న వాళ్ళు నా స్నేహితులే. వాళ్ళ ఇళ్ళెక్కడో నాకు తెలుసు. ఎవడి భార్య పురిటికి పుట్టింటికి వెళ్ళిందో, ఎవడి నాన్న ఆస్పత్రిలో ఉన్నాడో తెలుసు. వాళ్ళు రిజిస్టరు దగ్గర ఏం చెప్పి ఉంటారో కూడా తెలుసు. పక్కన కూర్చున్న వ్యాపారి పేపరు మొహం మీద కప్పుకుని గురక పెడుతుంటే వాడి మీద అసూయ పుట్టేది. వాడికి ఏమీ తెలియదు. తెలియకపోవడం ఎంత సుఖమో నాకు అప్పుడు తెలిసింది.

కాబట్టి మేలుకుని కాపలా కాసేవాణ్ణి. నడవాలో పడే ఎండ ముక్కను చూస్తూ కూర్చునేవాణ్ణి. విమానం తిరగాల్సిన చోట తిరిగితే ఆ ముక్క జరుగుతుంది. జరగాల్సిన సమయానికి జరగకపోతే అరచేతులు తడిసిపోయేవి. పావుగంటకోసారి హోస్టెస్‌ను పిలిచి, ముందున్న సార్లకు కాఫీ ఇచ్చావా అమ్మా అని అడిగేవాణ్ణి. ఆ అమ్మాయి వెళ్ళి, వచ్చి, వద్దన్నారు సార్ అనేది. వద్దన్నారంటే మేలుకునే ఉన్నారన్న మాట. మళ్ళీ పావుగంటకు మంచినీళ్ళు ఇవ్వమనేవాణ్ణి. నాకు తోటివాళ్ళంటే ఎంత ప్రేమో అని వాళ్ళలో వాళ్ళు చెప్పుకునేవాళ్ళట. ఇంకొందరు, ఈయన ఆ అమ్మాయిని పిలవడానికి వంకలు వెతుకుతున్నాడన్నారట. ఏదైనా అనుకోనీ అనుకున్నాను.

ఇందులో ఉన్న తిరకాసు నాకు ఆలస్యంగా తలకెక్కింది. వాళ్ళు నిద్రపోతారేమోనన్న భయంతో నేను నిద్ర మానేస్తున్నాను. అలా నిద్ర మానేసి వచ్చి, రిజిస్టరు దగ్గర ఫుల్ రెస్ట్ అని చెప్పి, నేను ముందు కూర్చుంటున్నాను. అప్పుడు నా వెనక కూర్చున్నవాళ్ళ గతేమిటి? నేను ఎవరిని చూసి భయపడుతున్నానో ఆ మనిషిని రోజురోజుకూ నేనే అవుతున్నాను. డ్యూటీలో తొడ గిల్లుకునేవాణ్ణి. పచ్చిమిరపకాయ జేబులో వేసుకెళ్ళి కొరికిన రోజులున్నాయి. యూనిఫారం జేబులో మిరపకాయ గింజలు చూసి నా భార్య జేబు తిరగేసి దులిపి, ఉతికి ఆరేసింది.

మరుసటి నెలలో సీజను ఆఖరి పర్మిట్ వచ్చింది. బస్సెక్కే ముందు నా భార్య సంచీ అందిస్తూ అంది:

“ఈసారి నిజం జెప్పు. కొలువు పోతే పోనీ. చెరుకు కొట్టుడు నేను నేర్పిస్త.”

నేర్పిస్తానన్నప్పుడు చిన్నగా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కొలువు పోతే నేనేం అవుతాను? ఆ ఊళ్ళో నా విలువంతా ఆ ‘ఇమానం’ అనే ముక్కలోనే ఉంది. అది తీసేస్తే మిగిలేది ఒట్టి అల్లుడు. నాకు నా ఉద్యోగం అంటే ఇష్టం కూడా. పొద్దున పూట మబ్బుల మీదికి వెళ్ళి చూసినవాడికి కిందికి వచ్చి ఉండిపొమ్మంటే సులువు కాదు. రైలు పొడుగునా చెబుదామా వద్దా అనే ఆలోచనే. కామారెడ్డి దాకా చెప్పాలనుకున్నాను. తరువాత వద్దనుకున్నాను.

పొద్దున బేగంపేటలో సీటు దొరికింది. నా పక్క సీట్లో నా తోటి కో-పైలట్ ఒకతను వచ్చి కూలబడ్డాడు. సికింద్రాబాదు మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి. మొహం పీక్కుపోయి ఉంది, చొక్కాకు పన్నీరు వాసన.

“బామ్మర్ది లగ్గం అన్నా. బారాత్ తెల్లారిందాక నడిసింది. కన్ను మూయలే,” అన్నాడు.

“డ్యూటీ ఉందా?”

“రిజర్వే. ఎవరన్న రాకుంటేనే పిలుస్తరు. ఎవడు రాకుంట ఉంటడు? పోయి పండుకుంట.”

అతను ఆ మాట అంటూనే నిద్రలో పడ్డాడు. పది నిమిషాలకు ఉలిక్కిపడి లేచి, చెవినొప్పి అని తల పట్టుకుని, మళ్ళీ దిగేదాకా మేలుకునే ఉన్నాడు. నేను ఎండ ముక్క చూస్తూ కూర్చున్నాను.

మద్రాసులో రిజిస్టరు ముందు నిలబడ్డాను. మళ్ళీ వైజాగు డ్యూటీయే, కెప్టెన్ వేరే ఆయన. డ్యూటీ ఆఫీసరు తల ఎత్తకుండానే “రెస్ట్?” అన్నాడు.

“లేదు,” అన్నాను.

ఆయన టిక్కు పెట్టేశాడు. నేనేమన్నానో వినలేదు. ఆ టిక్కును అలాగే ఉంచి సంతకం పెట్టి వెళ్ళిపోవచ్చు. చెప్పాల్సింది చెప్పాను, ఆయన వినకపోతే నేనేం చేయను అని మనసుకు సర్దిచెప్పుకోవచ్చు. పెన్ను చేతికి ఇచ్చాడు కూడా. ఒంగోలు, మామిడి తోట, ఆ తరువాత ఏమీ గుర్తులేకపోవడం, ఆ ఖాళీ నా కళ్ళ ముందు నిలబడింది.

“ఆ టిక్కు కొట్టేయండి. నేను నిద్రపోలేదు. రెండు రోజులయింది. ఇవాళ నడపలేను.”

ఆఫీసరు తల ఎత్తాడు. చెడ్డవాడు కాదు. ముందు నవ్వబోయి ఆగాడు. జ్వరమా అని అడిగాడు. కాదన్నాను. జ్వరమని రాసుకుంటానండీ, మీకూ మాకూ గొడవ ఉండదు అన్నాడు. వద్దన్నాను. ఇల్లెక్కడ, ఎప్పుడు బయల్దేరారు, ఎందులో వచ్చారు అని వరసగా అడిగాడు. అన్నీ చెప్పాను. రాసుకున్నాడు. రాస్తున్నంతసేపూ నా ఉద్యోగం ఒక్కో అక్షరంగా ఆ కాగితం మీదికి దిగిపోవడం చూస్తూ నిలబడ్డాను. భయమే వేసింది గానీ, చాలా కాలం తరువాత ఊపిరి గుండెల దాకా వెళ్ళింది. ఆయన ఫోను తీసి రిజర్వు పైలట్‌ను పిలవమన్నాడు.

రిజర్వు ఎవరో నాకు అప్పుడు గుర్తొచ్చింది.

అతను పావుగంటలో వచ్చాడు. మొహం కడుక్కున్నాడు, ఆ నీళ్ళు కాలరు మీద ఇంకా తడిగా ఉన్నాయి. కళ్ళు చింతనిప్పులు. నన్ను చూసి ఆగాడు, ఎవరి బదులు వచ్చాడో అర్థమైంది. ఆఫీసరు ఈసారి తల ఎత్తి, మొహంలోకి చూస్తూ శ్రద్ధగా అడిగాడు.

“మీ సంగతి చెప్పండి. రెస్ట్?”

అతను ఆఫీసరును చూడలేదు. నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అన్నా, నువ్వు చెప్పుకున్నావు, నాకు ముగ్గురు పిల్లలు అన్నట్టుంది.

“ఫుల్ రెస్ట్ సార్.”

నేను ఒక్క మాట అంటే చాలు. ఇతనూ నాతోనే వచ్చాడు, బారాత్‌లో ఉన్నాడు అంటే చాలు. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. ఒక మనిషి కొలువు తీయడం నా పనా అనుకున్నాను. కెప్టెన్ మేలుకుని ఉంటాడులే అనుకున్నాను. ఈ కెప్టెన్ ఇల్లు ఎక్కడో ఆ క్షణంలో గుర్తు తెచ్చుకోకుండా ఉండటానికి చాలా ప్రయత్నం చేశాను. నాలో ఉన్న ధైర్యం నా ఒక్కడి మట్టుకే సరిపోయింది. అతను సంతకం పెట్టి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. విమానం అరగంట ఆలస్యంగా లేచింది.

నేను అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగా గోడ గడియారం. ఇప్పుడు నెల్లూరు. ఇప్పుడు ఒంగోలు. ఇప్పుడు ఇంజన్ల హోరు ఒకే శ్రుతిలో ఉంటుంది, మెడ బరువెక్కుతుంది. ఇప్పుడు గన్నవరం, తిరగాలి. తిరిగారా? ఆఫీసరు బల్ల మీద ఫోను మోగినప్పుడల్లా లేచి నిలబడ్డాను. ఒకసారి భోజనాల లెక్క గురించి, ఒకసారి ఎవరో అధికారి కారు గురించి. వైజాగు నుంచి కబురు రావాల్సిన సమయం దాటి పది నిమిషాలయింది. ఆలస్యంగా బయల్దేరింది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే వరండా చివరికి వెళ్ళి వాంతి చేసుకున్నాను. ముందు సీట్లో ఉన్నా వెనక సీట్లో ఉన్నా ఏదో ఒకటి చేయొచ్చు, గిల్లుకోవచ్చు, కాఫీ ఇమ్మనవచ్చు. నేల మీద ఉన్నవాడికి ఆ దారి కూడా లేదు.

తిరిగి వచ్చేసరికి ఆఫీసరు ఫోను పెడుతున్నాడు. నా మొహం చూసి కుర్చీ లాగి కూర్చోమన్నాడు. మంచినీళ్ళు తెప్పించాడు.

“దిగింది. క్షేమంగా దిగింది,” అన్నాడు. “మీరు ఇవాళ చేసినది మంచి పని. పైవాళ్ళు ఏమంటారో నాకు తెలియదు గానీ, నా మట్టుకు నేను మెచ్చుకుంటాను. ఇంక దిగులు పడకండి. నేనే కళ్ళలోకి చూసి అడిగాను కదా, రెస్ట్ తీసుకున్న మనిషినే పంపాం.”

అవునండీ అన్నాను.